ప్రెషర్ వాషర్ ఎంపిక: విజయవాడ, గుంటూరు వాసుల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

నీటిని ఎక్కువ ఒత్తిడితో ధారగా కొట్టి మురికి వదిలించే మిషన్ ప్రెషర్ వాషర్. వీటిని అమ్మే చోటా, బాగుచేసే చోటా ఒకే సందేహాలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. చాలా దుకాణాల్లో ఒత్తిడిని తెలిపే బార్ల సంఖ్య చెప్పి, పెట్టె చేతికిచ్చి పంపేస్తారు. మిషన్ రోజుకు ఎంతసేపు నడవాలి, దానికి ఏ నీళ్లు అందుతాయి, ఏ ప్లగ్గుకు తగిలిస్తారు అని అడిగేవారు తక్కువ. మరమ్మతుకు వచ్చే మిషన్లలో ఎక్కువ భాగం పాడయ్యేది ఈ మూడింటిలో ఏదో ఒక దాని వల్లే. అందుకే ప్రశ్నలను దశలవారీగా విడగొట్టి ఇక్కడ రాశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఆ జవాబు దానికదే అర్థమవుతుంది.

## కొనాలా వద్దా అన్న దశలో

ఇంటికి ప్రెషర్ వాషర్ అవసరమా? మామూలు పైపు సరిపోదా?

మొక్కలకు, స్కూటర్ మీది దుమ్ముకు మామూలు పైపు చాలు. వానాకాలం తరువాత డాబా మీద, మెట్ల మీద, ప్రహరీ లోపలి వైపు పట్టే పాచి మాత్రం పైపు నీళ్లకు కదలదు. కారు, రెండు బైకులు, విశాలమైన పోర్టికో ఉన్న ఇంటికి ఈ మిషన్ బాగా పనికొస్తుంది. రెండు గదుల ఫ్లాటులో ఉంటూ కారును సెల్లార్‌లో పెట్టుకునేవారు సొంతంగా కొనకపోవడమే మంచిది. ఏడాదికి రెండు మూడు సార్లు వాడే మిషన్‌లో నీరు కారకుండా ఆపే రబ్బరు సీళ్లు ఎండిపోయి బిగుసుకుపోతాయి.

ఎండాకాలంలో నీళ్లకే ఇబ్బంది. ఈ మిషన్ నీళ్లు ఎక్కువ ఖర్చు చేయదా?

చేయదు. ఇళ్లలో వాడే మిషన్ నిమిషానికి 6 లీటర్ల దరిదాపుల్లో వాడుతుంది. అర అంగుళం పైపు నిమిషానికి 15 లీటర్లు సులువుగా పారబోస్తుంది. పైగా చేత్తో పట్టుకుని నొక్కే గన్ను వదిలితే ధార ఆగుతుంది, పైపు మాత్రం నేల మీద పడి పారుతూనే ఉంటుంది.

పొలంలో మందు కొట్టే హెచ్‌టీపీ పంపు ఉంది. దానితోనే కారు, ట్రాక్టరు కడగవచ్చా?

గుంటూరు వైపు రైతు కుటుంబాల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. హెచ్‌టీపీ పంపు సాధారణంగా 20 నుంచి 40 బార్ల ఒత్తిడితో, నిమిషానికి 20 లీటర్లకు పైగా నీళ్లు తోస్తుంది. ఒత్తిడి తక్కువ, నీళ్లు ఎక్కువ. ట్రాక్టరు చక్రాలకు, కేజ్‌వీల్స్‌కు పట్టిన నల్లరేగడి మట్టికి ఇదే సరైనది. దారి పక్కన వాటర్ సర్వీసింగ్ చేసేచోట కనిపించే బెల్టు పంపులు కూడా చాలావరకు ఈ రకానివే. పాచి, గోడల మీది మరకలు మాత్రం దీనికి లొంగవు.

మిరప తోటకు పురుగుమందు కొట్టిన పంపులో, గొట్టంలో, గన్నులో మందు అవశేషం మిగిలే ఉంటుంది. ఒకటి రెండు సార్లు నీళ్లు పోసి వదిలినంత మాత్రాన పూర్తిగా పోదు. ఆ గొట్టంతో పశువుల కొట్టం, నీళ్ల తొట్టి, పిల్లలు ఆడుకునే వాకిలి కడగవద్దు. కడిగే పనికి గొట్టం, గన్ను, నీళ్ల డ్రమ్ము విడిగా కొని పెట్టుకోండి. ఖర్చు తక్కువే, ఇంట్లోవారి ఆరోగ్యానికి అది తప్పనిసరి.

## పెట్టె మీది అంకెలు చదివేటప్పుడు

బార్, పీఎస్ఐ, లీటర్లు అని రకరకాలుగా రాస్తారు. ఏది చూడాలి?

బార్, పీఎస్ఐ రెండూ ఒత్తిడినే చెప్పే కొలతలు. ఒక బార్ సుమారు 14.5 పీఎస్ఐ. కాబట్టి 1450 పీఎస్ఐ అని పెద్దగా రాసినా అది 100 బార్లే. ఒత్తిడి మురికిని గోడ నుంచి విడదీస్తుంది, నీటి పరిమాణం విడిపోయిన మురికిని తోసుకుపోతుంది. రెండోది తక్కువైతే మురికి అక్కడే చిందులుగా పడి, ఒకే చోటును పదే పదే కడగాల్సి వస్తుంది. గరిష్ఠ ఒత్తిడి, పనిచేసే ఒత్తిడి అని రెండు సంఖ్యలు ఇస్తే రెండోదాన్ని లెక్కలోకి తీసుకోండి.

1800 వాట్ల మిషన్ మీద 200 బార్లు, నిమిషానికి 8 లీటర్లు అని ఉంది. నమ్మవచ్చా?

నమ్మనక్కరలేదు. ఎవరైనా వేసుకోగల చిన్న లెక్క ఒకటి ఉంది. బార్లను నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 600తో భాగిస్తే, ఆ ధారకు కావలసిన శక్తి కిలోవాట్లలో వస్తుంది. 200ను 8తో గుణిస్తే 1600. దాన్ని 600తో భాగిస్తే దాదాపు 2.7 కిలోవాట్లు, అంటే 2700 వాట్లు. ఆ మోటారు కరెంటు నుంచి తీసుకునేదే 1800 వాట్లు. అందులోనూ కొంత వేడిగా పోతుంది. అది 2700 వాట్ల పని చేయడం సాధ్యం కాదు.

ఇదే లెక్క 1400 వాట్లు, 110 బార్లు, నిమిషానికి 6 లీటర్లు అని రాసిన మిషన్‌కు వేస్తే 1.1 కిలోవాట్ వస్తుంది. మోటారు సామర్థ్యంలోపే ఉంది కాబట్టి ఆ పెట్టె మీది మాటకు విలువ ఇవ్వవచ్చు. దుకాణంలో నిలబడి ఫోనులో ఈ లెక్క వేయండి. అంకెలు పొసగకపోతే వేరే మిషన్ చూడండి.

ఇంటికి ఎన్ని బార్లు చాలు?

కారు, బైకులకు 100 లోపే చాలు. పాచికి, నేలకు 110 నుంచి 130 వరకు ఉంటే హాయిగా పని జరుగుతుంది. అంతకు మించిన ఒత్తిడి ఇళ్లలో రంగునూ, బండల సందుల్లోని సిమెంటునూ ఊడబెరకడానికే ఎక్కువ ఉపయోగపడుతుంది.

యూనివర్సల్ మోటారు మంచిదా, ఇండక్షన్ మోటారు మంచిదా?

మిషన్ ఎంచుకునేటప్పుడు ఎక్కువసేపు ఆలోచించాల్సింది దీని గురించే. యూనివర్సల్ మోటారులో కార్బన్ బ్రష్‌లు ఉంటాయి, చాలా వేగంగా తిరుగుతుంది, పెద్దగా అరుస్తుంది. తేలిక, ధర తక్కువ. అరగంట నడిపితే కాసేపు చల్లారనివ్వాలి. మన మే నెల ఎండలో, మధ్యాహ్నం డాబా మీద పెట్టి నడిపితే ఇంకా ముందే ఆపాలి. వారానికోసారి కారు కడుక్కునే ఇంటికి ఇది సరిపోతుంది.

ఇండక్షన్ మోటారులో బ్రష్‌లు ఉండవు. నెమ్మదిగా తిరుగుతుంది, చప్పుడు తక్కువ, బరువు ఎక్కువ, ధర కూడా ఎక్కువే. రోజూ గంటకు పైగా నడిపేవారు దీన్నే ఎంచుకోవాలి. వైండింగ్ కాలినా రాగి తీగతో మళ్లీ చుట్టగలవారు విజయవాడ ఆటోనగర్‌లోనూ, గుంటూరులోనూ సులువుగా దొరుకుతారు. చిన్న యూనివర్సల్ మోటారు కాలితే సాధారణంగా మోటారు మొత్తం మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు కొత్త మిషన్ ధరకు దగ్గరపడుతుంది.

దుకాణదారు ఏ రకమో చెప్పలేకపోతే మిషన్ ఎత్తి చూడండి. ఇండక్షన్ మోటారు ఉన్నది ఒక చేత్తో తేలికగా లేవదు.

పంపు తల (నీటిని ఒత్తిడితో తోసే భాగం) ఇత్తడిదే ఉండాలా?

ఉప్పు బోరు నీళ్లు వాడేవారికి, వ్యాపారానికి ఇత్తడిదే తీసుకోండి. మంచినీళ్లతో అప్పుడప్పుడు వాడే ఇంటికి అల్యూమినియం చాలు. ప్లాస్టిక్ తల ఒకసారి పగిలితే అతికించడం కుదరదు.

బ్యాటరీతో నడిచేవి ఎలా ఉంటాయి?

చాలావాటి ఒత్తిడి 20, 30 బార్ల దగ్గరే ఉంటుంది. సైకిలు, బైకు, కిటికీ మెష్‌లకు పరవాలేదు. పాచి వదిలించాలనుకుంటే కొనవద్దు.

గన్ను వదలగానే మోటారు ఆగిపోతోంది. ఇది లోపమా?

కాదు, అది ఆటోస్టాప్ ఏర్పాటు. గన్ను మూసినప్పుడు నీళ్లు పంపులోనే తిరుగుతూ వేడెక్కి సీళ్లను దెబ్బతీయకుండా మోటారును ఆపుతుంది. ఈ ఏర్పాటు లేని మిషన్ అయితే గన్ను మూసి ఒకటి రెండు నిమిషాలకు మించి మోటారు నడపకండి. గన్ను వదిలేసినా మోటారు పదే పదే దానంతట అదే మొదలై ఆగుతుంటే మాత్రం ఎక్కడో నీరు కారుతోందని అర్థం. గొట్టం బిగింపులు, గన్ను, లోపలి వాల్వు చూపించాలి.

## వ్యాపారానికి కొనేటప్పుడు

కార్ వాష్ పెట్టాలనుకుంటున్నాను. ఇంటి మిషన్లు రెండు కొని మార్చి మార్చి వాడితే సరిపోదా?

సరిపోదు. ఇంటి మిషన్‌ను వ్యాపారానికి వాడితే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు. రోజుకు పది కార్లు వచ్చే చోట యూనివర్సల్ మోటారు బ్రష్‌లు త్వరగా అరుగుతాయి. పండగ ముందు రోజు మిషన్ ఆగితే ఆ రోజు గిరాకీ పోయినట్టే. ఇండక్షన్ మోటారు, ఇత్తడి తల, మూడు పిస్టన్ల క్రాంక్‌షాఫ్టు పంపు ఉన్నది చూడండి. కార్లకు 120 నుంచి 150 బార్లు, నిమిషానికి 10 నుంచి 12 లీటర్లు చాలు. 150 బార్లు, 12 లీటర్ల ధారకు 3 కిలోవాట్ల శక్తి కావాలి, అంటే 5 హెచ్‌పీ మోటారు. లారీలు, స్కూలు బస్సులు కూడా వస్తాయనుకుంటే నీటి పరిమాణం పెంచండి, బార్లు పెంచనక్కరలేదు.

మిషన్ కంటే ముందే మురుగు సంగతి చూసుకోండి. కడిగిన నీళ్లలో గ్రీజు, ఇంజను ఆయిల్, మట్టి ఉంటాయి. విజయవాడలో ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఊరి మధ్యలోంచే పోతున్నాయి, ఆ నీటి మీద దిగువన ఎందరో ఆధారపడి ఉన్నారు. రెండు మూడు అరల తొట్టి కట్టించి, మొదటి అరలో మట్టి దిగేలా, తరువాతి అరలో నూనె పైకి తేలేలా, నీరు అడుగు నుంచి బయటకు వెళ్లేలా పైపు పెట్టించండి. తేలిన నూనెను తీసి డబ్బాలో భద్రపరచి, వాడిన ఆయిల్ కొనేవారికే ఇవ్వండి.

త్రీ ఫేజ్ కరెంటు తప్పనిసరా?

3 హెచ్‌పీ వరకు సింగిల్ ఫేజ్‌లో నడపవచ్చు. అయితే మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, లైట్లు మసకబారుతాయి. 5 హెచ్‌పీకి త్రీ ఫేజే తీసుకోండి. దానితో పాటు స్టార్టరు, ఫేజ్ పోతే మోటారును ఆపే రక్షణ పెట్టించండి. ఒక ఫేజ్ పోయినప్పుడు నడిచిన మోటారు నిమిషాల్లో కాలుతుంది. ఇంటి మీటరు మీద ఈ వ్యాపారం నడపకూడదు. ఇక్కడి విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ దగ్గర వాణిజ్య కనెక్షన్ తీసుకోవాలి.

హోటల్ వంటగదిలో జిడ్డు పోవడం లేదు. ఎక్కువ బార్ల మిషన్ కొనాలా?

జిడ్డుకు కావలసింది వేడి. 70, 80 డిగ్రీల నీళ్లు తగిలితే గడ్డకట్టిన నూనె కరిగి జారుతుంది. చన్నీళ్లు ఎంత ఒత్తిడితో కొట్టినా అది ముక్కలై పక్క గోడకు అంటుకుంటుంది. పెద్ద వంటశాలలకు, ఫంక్షన్ హాళ్లకు వేడినీటి ప్రెషర్ వాషర్లు ఉన్నాయి. చాలావాటిలో డీజిల్ బర్నర్ ఉంటుంది కాబట్టి పొగ పోయే దారి ఉన్నచోటే పెట్టాలి. చిన్న హోటలుకు ఇంత ఖర్చు అనవసరం. జిడ్డు వదిలించే ద్రావణం పూసి, పది నిమిషాలు ఆగి, మామూలు మిషన్‌తో కడిగితే చాలు. ఒక హెచ్చరిక: చన్నీళ్ల మిషన్‌కు గీజరు నీళ్లు ఇవ్వవద్దు. ఎన్ని డిగ్రీల వరకు తట్టుకుంటుందో దాని మీదే రాసి ఉంటుంది, చాలావాటికి ఆ హద్దు 40.

మిర్చి గోదాము కడగడానికి వాడవచ్చా?

పొడి ఊడ్చకుండా వాడవద్దు. నేల మీది కారపు పొడికి ఆ వేగంతో నీళ్లు తగిలితే, ఘాటు సన్నని తుంపరలతో కలిసి గాలంతా నిండుతుంది. కళ్లు, గొంతు మండి మనిషి లోపల నిలబడలేడు. ముందు వ్యాక్యూమ్‌తో లేదా మెత్తని చీపురుతో పొడి మొత్తం తీయాలి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. గోదాము పూర్తిగా ఖాళీగా ఉన్నప్పుడే కడగాలి, గోడల మూలలు కూడా పూర్తిగా ఆరాకే బస్తాలు దించాలి. తేమ మిగిలితే కాయకు బూజు పడుతుంది. బూజు పట్టిన మిర్చికి యార్డులో ధర రాదు, తినేవారికీ హాని.

అపార్ట్‌మెంటు అసోసియేషన్ తరఫున ఒకటి కొందామనుకుంటున్నాం.

మంచి ఆలోచన. పది మంది చేతుల్లో తిరుగుతుంది కాబట్టి ఇండక్షన్ మోటారు, కనీసం 10 మీటర్ల గొట్టం, చక్రాలు ఉన్నది కొనండి. వాచ్‌మన్‌కు నడిపే పద్ధతి దగ్గరుండి నేర్పించండి, తడిలో నడిపేందుకు బూట్లు కొనివ్వండి.

## నీళ్లు, కరెంటు

కుళాయి రోజులో కాసేపే వస్తుంది. డ్రమ్ము నుంచి నీళ్లు లాక్కుంటుందా?

అన్నీ లాగవు. పెట్టె మీద స్వయంగా నీరు లాక్కునే సదుపాయం ఉందని రాసి ఉండాలి. లాగే గొట్టం చివర జాలీ పెట్టి, మొదలుపెట్టే ముందు గొట్టం నిండా నీళ్లు నింపాలి. గాలి మింగుతూ నడిచిన పంపు సీళ్లు త్వరగా పోతాయి. డ్రమ్మును మిషన్‌కన్నా ఎత్తులో పెడితే పంపుకు శ్రమ తగ్గుతుంది.

పై ట్యాంకు నుంచి కనెక్షన్ ఇస్తే సరిపోతుందా?

పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ఒత్తిడే వస్తుంది, అయినా పరవాలేదు. ముఖ్యమైనది నీరు ఎంత అందుతోందన్నది. ఆ కుళాయి కింద 20 లీటర్ల డబ్బా పెట్టండి. రెండు నిమిషాల్లో నిండితే నిమిషానికి 10 లీటర్లు వస్తున్నట్టు, ఇంటి మిషన్‌కు అది చాలు. నాలుగు నిమిషాలు పడితే పైపులో ఎక్కడో పూడిక ఉంది.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మిషన్‌కు ఏమవుతుంది?

అలాంటి నీళ్లతో ఏడాది నడిచిన పంపు విప్పితే, పిస్టన్ల చుట్టూ తెల్లని పొర గట్టిగా పట్టి కనిపిస్తుంది. గోటితో గీస్తే రాదు. ఆ గరుకు పొర మీద రబ్బరు సీలు ముందుకూ వెనక్కూ రాపిడి తిని, దాని పెదవి ఒకవైపు రంపపు అంచులా చిరిగి ఉంటుంది. అక్కడి నుంచే నీరు కారడం మొదలై పంపులోని ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే ఇదే జరిగిందని అర్థం.

నివారణ కష్టం కాదు. పని ముగిశాక ఒక బకెట్ మున్సిపల్ నీళ్లు లేదా వాన నీళ్లు మిషన్ గుండా పంపండి. తరువాత మోటారు ఆపి, గన్ను నొక్కి మిగిలిన నీరు వదిలేయండి. నీరు లోపలికి వెళ్లే చోట ఉన్న చిన్న జాలీని నెలకోసారి తీసి కడగండి.

ఏ ప్లగ్గుకు పెట్టాలి? ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడవచ్చా?

టీవీ, ఫోను ఛార్జరు పెట్టే చిన్న సాకెట్‌కు వద్దు. గీజరు, ఏసీకి ఇచ్చే 15 లేదా 16 ఆంప్స్ సాకెట్‌కే పెట్టాలి. దూరం తప్పదనుకుంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో, మూడు పిన్నులతో ఎక్స్‌టెన్షన్ చేయించుకోండి. చుట్టలా ఉంచి వాడితే వేడెక్కుతుంది, పూర్తిగా విప్పి పరచాలి. కలిపిన చోటు తడి నేల మీద పడకుండా కుర్చీ మీదో మెట్టు మీదో ఉంచాలి. ఇంట్లో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి. నీళ్లలో నిలబడి కరెంటు మిషన్ పట్టుకునే పని ఇది. ఈ ఖర్చు వెనక్కి నెట్టవద్దు.

## వాడేటప్పుడు

రంగురంగుల నాజిళ్లు ఇచ్చారు. ఏది దేనికి?

నాజిల్ అంటే గన్ను చివర ధార బయటకు వచ్చే మూతి, డిగ్రీలు ఆ ధార ఎంత వెడల్పుగా విచ్చుకుంటుందో చెబుతాయి. ఎరుపు సున్నా డిగ్రీలు, సూదిలాంటి ధార. ఇళ్లలో దాన్ని తీసి పక్కన పెట్టేయండి. పసుపు 15 డిగ్రీలు, గట్టి నేలకు. ఆకుపచ్చ 25, నేలకు, వాహనాల చక్రాలకు. తెలుపు 40, కారు రంగుకు, కిటికీలకు. నలుపు సబ్బు నీళ్లకు.

పాచి తీయబోతే గోడ రంగు, టైల్స్ సందులు కూడా లేచిపోయాయి. ఎలా వాడాలి?

కనీసం రెండు అడుగుల దూరంలో వెడల్పు ధారతో మొదలుపెట్టి, మురికి కదిలే వరకు కొద్దికొద్దిగా దగ్గరకు రావాలి. సున్నం వేసిన గోడ, పొక్కులు లేచిన రంగు, పాత ఇటుక ప్లాస్టరింగ్ మీద వాడవద్దు. ఇంటర్‌లాక్ టైల్స్ మీద ధారను ఏటవాలుగా పట్టాలి. నిటారుగా పడితే సందుల్లోని ఇసుక ఎగిరిపోయి బిళ్లలు కదులుతాయి. ఇసుక పోతే ఎండాక మళ్లీ సన్నని ఇసుక చల్లి చీపురుతో సందుల్లోకి దించండి. డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ లేదా కూల్ రూఫ్ పూత ఉంటే బ్రష్షే మేలు.

సోలార్ పలకలు, ఏసీ బయటి యూనిట్, కారు ఇంజను కడగవచ్చా?

మూడింటికీ వద్దు. పలకల అంచుల సీలు దెబ్బతింటుంది, ఏసీ రెక్కలు వంగిపోతాయి, ఇంజనులోని కనెక్టర్లలోకి నీరు చేరుతుంది. టైర్లకు కూడా అడుగు దూరం తగ్గకుండా పట్టండి.

వరద బురద ఇంట్లోకి వస్తే ఈ మిషన్ పనికొస్తుందా?

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు, ఇళ్లలో, వీధుల్లో బురదను అగ్నిమాపక వాహనాలు తెప్పించి కడిగించారు. బురదను తోయడానికి నీటి పరిమాణం కావాలి, ఇంటి మిషన్ ఇచ్చే ఆరు లీటర్లు అందుకు చాలవు. ముందు పారతో, వైపరుతో తడిగా ఉండగానే బురద తోసేయండి. మిగిలిన పొరకు, గేట్లకు, మెట్లకు, వాహనాల అడుగుభాగానికి మిషన్ వాడండి. మునిగిన స్విచ్ బోర్డులను ఎలక్ట్రీషియన్ చూసేవరకు ఇంట్లో కరెంటు మిషన్ తగిలించకండి. పెట్రోలు మిషన్ అయితే గది లోపల నడపవద్దు, దాని పొగ ప్రాణం తీస్తుంది.

ధార చేతికి తగిలింది. చిన్న గాటే పడింది, రక్తం కూడా రాలేదు. పరవాలేదా?

వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఈ ధార చర్మాన్ని చీల్చుకుని నీటిని, మురికిని, సబ్బును లోపలి కండరాల వరకు పంపగలదు. పైకి చుక్కలా కనిపించే గాయం లోపల కుళ్లి వేలు తీసేయాల్సి రావచ్చు. ఎక్కువ ఒత్తిడి నీటి ధార తగిలిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే కట్టుకట్టి పంపేసే అవకాశం ఉంది. చెప్పులతో వాడటం, పిల్లల చేతికి గన్ను ఇవ్వడం, పశువులను కడగడం మానండి.

## పాడైనప్పుడు

ధార బలం తగ్గింది, గన్ను దడదడలాడుతోంది. పంపు పోయిందా?

చాలాసార్లు పంపు పోయి ఉండదు. నీరు సరిగా అందుతోందా, జాలీలో పాచి పీచు చిక్కుకుందా, గొట్టం మడతపడిందా చూడండి. తరువాత నాజిల్ తీసి సన్నని పిన్నుతో రంధ్రం శుభ్రం చేయండి. గన్ను నొక్కి పట్టి, ధార ఏకంగా వచ్చేవరకు గాలి పోనివ్వండి. ఇవన్నీ చేశాక కూడా దడదడ ఆగకపోతే అప్పుడు వాల్వులు, సీళ్లు చూపించాలి.

చాన్నాళ్ల తరువాత ఆన్ చేస్తే గుయ్యిమని శబ్దం వస్తోంది, తిరగడం లేదు.

వెంటనే ఆపేయండి. అలాగే ఉంచితే వైండింగ్ కాలుతుంది. మోటారు తిరగడం మొదలుపెట్టడానికి తోడ్పడే కెపాసిటర్ పోయి ఉండాలి, లేదా పంపు బిగుసుకుని ఉండాలి. కెపాసిటర్ అయితే తక్కువ ఖర్చుతో మార్చవచ్చు. మిషన్‌ను మీరే విప్పేట్టయితే కెపాసిటర్ కాళ్లను చేత్తో ముట్టుకోవద్దు, ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో కరెంటు నిల్వ ఉంటుంది.

ఆన్‌లైన్‌లో చవకగా వస్తోంది. తీసుకోవచ్చా?

ఆ మోడల్ సీలు కిట్, గన్ను, గొట్టం విడిగా దొరుకుతాయో లేదో ముందు వెతకండి. తరువాత కంపెనీకి ఫోను చేసి, విజయవాడలో లేదా గుంటూరులో సర్వీసు కేంద్రం చిరునామా అడగండి. చిరునామా చెప్పకుండా మిషన్‌ను వేరే ఊరికి కొరియర్ చేయమంటే వద్దనుకోండి, పోనూ రానూ ఖర్చు మీదే అవుతుంది. స్థానిక దుకాణంలో కొంచెం ఎక్కువైనా, మీ ఎదుటే నీళ్లు పెట్టి నడిపి చూపించేవారి దగ్గర, బిల్లు మీద మిషన్ నంబరు రాయించుకుని కొనండి.